మా మామయ్య చెప్పిన హిందీ సీరియల్

ఎనభైల నడుమ జనగామలో మా వీధికి మొదటి టీవీ వచ్చింది మా అత్తగారింటికే. తెచ్చింది మామయ్య. తహసీల్ ఆఫీసు నౌకరీ నుంచి రిటైరయ్యాక ఆయనకు పొద్దుపోవడం కష్టమైంది. పొద్దున పేపరు చదివేవారు, మధ్యాహ్నం అదే పేపరు మళ్లీ చదివేవారు, సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని పప్పులో ఉప్పు ఎంత వేయాలో అత్తమ్మకు చెప్పేవారు. నలభై ఏళ్లుగా ఆ పప్పు వండుతున్న మనిషి ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

"గా టీవీ డబ్బా ఏదో తెచ్చుకొని దాని ముంగట కూసో. నా పొయ్యి కాడికి మాత్రం రాకు" అని అత్తమ్మ ఒకరోజు గరిటె చూపించి మరీ చెప్పింది.

అలా వచ్చింది ఆ టీవీ. చెక్కపెట్టెలో ఉండేది, రెండు వైపులకూ జరిగే తలుపులు, దానికో తాళం. బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చేది. ఒకటే చానెల్. అందులో తెలుగు కొంచెం, హిందీ ఎక్కువ. వారానికి ఒకసారి పొద్దుగూకిన తర్వాత ఒక హిందీ సీరియల్ వచ్చేది. అదెక్కడిదో ఉత్తరాదిలో ఒక పెద్దింటి కథ. ఆ ఇంట్లో ఒక ముసలామె, దగ్గుతూ ఉండే ఆమె భర్త, కొడుకులు, కోడళ్లు. పెద్ద కోడలి తమ్ముడొకడు సూటు వేసుకుని అప్పుడప్పుడు వచ్చిపోయేవాడు.

ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్లంతా వంటలు పెందలాడే ముగించి మా ముందుగదిలో పరిచిన జంపఖానా మీదికి చేరేవాళ్లు. మగవాళ్లు, మాకేం పట్టదన్నట్టు అరుగు మీద కూర్చుని, కిటికీలోంచి చూసేవాళ్లు. మొదటి వారం అందరూ కాసేపు నోరు తెరుచుకుని చూశారు. తర్వాత ఎదురింటామె ఇక ఆగలేక అడిగేసింది. ఆమె అత్తమ్మను అక్కా అని పిలిచేది, నేను ఆమెను చిన్నత్తా అనేదాన్ని.

"ఏమంటుండు బావా? ఎందుకు మొత్తుకుంటుండు?"

మామయ్య నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నవారు. గొంతు సవరించుకుని కుర్చీని సగం టీవీ వైపు, సగం జనం వైపు తిప్పారు. ఆనాటి నుంచి ఆ కుర్చీ అట్లాగే వంకరగా ఉండిపోయింది. ఊడ్చేటప్పుడు నేను సరిగ్గా పెడితే, ఆయన మళ్లీ వంకరగా జరుపుకునేవారు.

ఆయన చెప్పే పద్ధతి ఒకటుంది. టీవీలో ఎవరైనా మాట్లాడగానే చెయ్యి ఎత్తేవారు. అందరూ నిశ్శబ్దం. అక్కడ ఒక మనిషి కళ్లనీళ్లు పెట్టుకుని చాలాసేపు ఏదో చెప్పుకుంటే, మామయ్య "బాధ పడుతుంది" అని ఊరుకునేవారు. ఇంకో మనిషి "అచ్ఛా" అని లేచి వెళ్లిపోతే మాత్రం, "మీరు గిట్లంటరని నేననుకోలే, మా నాయిన బతికుంటే గీ మాట పడుదునా, సరే, నా కిస్మత్‌ల ఏమున్నదో గదే అయితది అంటుండు" అని చెప్పేవారు. జనానికి అదే నచ్చేది.

నాకు హిందీ వచ్చు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు. మా పుట్టిల్లు మానుకోట, అంటే మహబూబాబాద్. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం జోరుగా సాగినప్పుడు బడులు మూతపడ్డాయి. ఇంట్లో ఉండి తమ్ముళ్లతో కొట్లాడుతున్నానని మా బాపు నన్ను పక్కింటి టీచరమ్మ దగ్గర హిందీ నేర్చుకోమని కూర్చోబెట్టాడు. బడులు తెరిచాక కూడా ఆమె నన్ను వదల్లేదు, వరుసగా పరీక్షలు రాయించింది. అందుకని మామయ్య చెప్పేది వింటూ జంపఖానా చివర కూర్చున్న నాకు, అసలు కథ ఒక చెవిలో, మామయ్య కథ ఇంకో చెవిలో పడుతుండేవి. మొదట్లో రెండింటికీ పెద్ద తేడా లేదు. మెల్లమెల్లగా ఎడం పెరిగింది.

మామయ్యకు షుగరు ఉండేది. దవాఖానలో చెప్పిన రోజు నుంచి అత్తమ్మ ఆయన చాయలో చక్కెర బంద్ పెట్టింది. ఒక వారం సీరియల్‌లో ఆ దగ్గే ముసలాయనను చూడడానికి డాక్టరు వచ్చాడు. వేలు ఊపుతూ, తీపి పూర్తిగా మానేయాలని గట్టిగా చెప్పాడు. మామయ్య చెయ్యి ఎత్తారు. అందరూ ఆయన వైపు తిరిగారు.

"డాక్టర్ సాబ్ ఏమంటుండంటే, పెద్దమనిషికి తీపి ఒక్కసారే ఆపొద్దు, జర జర ఇయ్యాలె, లేకుంటే కండ్లు తిరిగి పడిపోతడు అంటుండు."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. మామయ్య నన్ను చూశారు. నాకు తెలుసని ఆయనకు ఆ క్షణంలోనే తెలిసింది. కళ్లతోనే బతిమాలారు. నేను దగ్గు వచ్చినట్టు దగ్గి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున అత్తమ్మ ఆయనకు తియ్యటి చాయ ఇచ్చింది. మామయ్య గ్లాసు పట్టుకుని పెండ్లికొడుకులా కూర్చున్నారు. ఆ సాయంత్రం బజారుకు పోయి వచ్చేటప్పుడు నాకు వేడివేడి మిర్చిబజ్జీలు తెచ్చారు. "తిను బిడ్డా, మంచిగ తిను" అన్నారు.

ఇక ఆయనకు ధైర్యం వచ్చింది. ఎదురింటి చిన్నత్త గిన్నెలు కడిగిన నీళ్లు మా గడప ముందు నుంచే పారేవి. చెప్పి చెప్పి అత్తమ్మ నోరు నొప్పిపుట్టింది. ఒక వారం సీరియల్‌లో ముసలామె ఏదో పూజ సంగతి మాట్లాడుతుంటే మామయ్య చెయ్యి ఎత్తారు.

"పక్కింటోళ్ల వాకిట్లకు మురికినీళ్లు ఇడిసేటోళ్ల ఇంట్ల లక్ష్మి నిలువదు అంటుంది."

చిన్నత్త ముఖం మాడిపోయింది. రెండు రోజుల్లో వాళ్ల నీళ్లకు పక్కనుంచి కాలువ తవ్వించింది. "ఎక్కడో ఢిల్లీల ఉన్న ముసలామెకు సుత మన కష్టం తెలిసిందేందో" అని అత్తమ్మ ఆశ్చర్యపోయింది. అలా అంటున్నప్పుడు ఆమె ముఖంలో నాకు ఏ అనుమానమూ కనబడలేదు.

అన్నింటికన్నా పెద్ద చిక్కు ఆ సూటు మనిషితో వచ్చింది. అతను మొదటిసారి కనబడినప్పుడు మామయ్యకు ఆ సూటు బాగా నచ్చింది. "కలెక్టరు" అనేశారు. నిజానికి వాడు అక్క ఇంటి కాగితాలు కాజేయడానికి వచ్చిన మోసగాడు. ఆ సంగతి బయటపడేసరికి మామయ్య నోటి నుంచి కలెక్టరు మాట జారి చాలా రోజులైంది. ఇక వెనక్కి తీసుకునే వీలు లేదు. ఒకసారి పోలీసులు వాడిని వెతుక్కుంటూ ఇంటికి వచ్చారు. "కలెక్టరుకు బందోబస్తు పెట్టిండ్రు" అన్నారు మామయ్య. ఇంకో వారం వాడిని జీపులో ఎక్కించుకుని తీసుకుపోయారు. "క్యాంపుకు పోతుండు" అన్నారు.

ఇట్లా ఉండగా కోతలకని మామయ్య పెద్దవంగర దగ్గరి మా పొలానికి వెళ్లాల్సి వచ్చింది. సీరియల్ రోజుకు తిరిగి రాలేదు. జనమంతా కూర్చున్నారు. "నువ్వు హిందీ చదివినవంట కదా, చెప్పు" అని చిన్నత్త నన్ను ఆ వంకర కుర్చీలో కూర్చోబెట్టింది. నాకూ కాస్త ఉత్సాహం వచ్చిన మాట నిజమే. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సూటు మనిషి జైలు నుంచి వచ్చాడని, వాడు అక్కను మోసం చేశాడని, కాళ్ల మీద పడి క్షమించమంటున్నాడని.

గదిలో గగ్గోలు లేచింది.

"పోయిన వారం దాక కలెక్టరు, గీ వారం దొంగెట్లయిండు?"

"క్యాంపుల ఉన్నోడు జైలుకెప్పుడు పోయిండు?"

"ఏం పిల్లవమ్మా, మంచిగున్న కథను పాడు చేస్తివి."

అత్తమ్మ కూడా తల పంకించింది. "నీ హిందీ జర కచ్చగున్నట్టుంది బిడ్డా. పరీక్షల హిందీ వేరు, మీ మామ హిందీ వేరు."

జనం లేచిపోయేలా ఉన్నారు. చటుక్కున, "ఆగుండ్రి ఆగుండ్రి. కలెక్టరే. జైల్ల ఏం నడుస్తుందో చూడాలెనని దొంగ ఏషం ఏసిండట. ఇప్పుడే చెప్తుండు" అన్నాను.

గదంతా ఊపిరి పీల్చుకుంది. "గట్ల చెప్పు మరి" అని చిన్నత్త నా తొడ మీద ఒక్కటి చరిచింది. మామయ్య తిరిగి వచ్చాక జరిగింది చెబితే కళ్లు పెద్దవి చేసి, "శాబాష్ బిడ్డా! నాకే తోచలే" అన్నారు. ఆ దొంగ వేషంతో మరి కొన్ని వారాలు గడుపుకొచ్చారు.

అంతా సాఫీగా పోతున్నప్పుడు చిన్నత్త అల్లుడు దిగాడు. నాగపూర్‌లో నౌకరీ. భార్యకు పురుడు పోసే వేళని సెలవు పెట్టి వచ్చాడు. ఆ వారం వచ్చి మర్యాదగా అరుగు మీద నిలబడి కిటికీలోంచి చూశాడు. మామయ్య "కలెక్టరు పట్నంకు బదిలీ అయితుండు" అనగానే కిటికీ బయట పకపకమని నవ్వు వినిపించింది. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి.

ఇంటికి పోయి అల్లుడు అసలు కథంతా అత్తకు చెప్పాడు. అందులో మురికినీళ్ల మాట ఎక్కడా లేదని కూడా చెప్పాడు. చిన్నత్తకు ఆ కాలువ తవ్వించిన రోజు గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఎక్కువ రోజులు గడవకముందే వాళ్లింటి ముందు రిక్షా ఆగింది, టీవీ దిగింది. అది రంగుల టీవీ.

వీధి రెండుగా చీలింది. ఎర్రచీర ఎర్రగా కనబడుతుందని సగం మంది అటు పోయారు. మామయ్య చెబితేనే కథలా ఉంటుందని సగం మంది ఇటే ఉన్నారు. మర్నాడు నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని వాదులాట.

"మా టీవీల వాడు దొంగ."

"మా టీవీల కలెక్టరు."

"నలుపు తెలుపుల టీవీల పాత కథ వస్తదేమో. రంగులదాంట్ల కొత్తది వస్తది" అని ఒకామె ఇద్దరికీ నచ్చేలా చెప్పబోయింది. ఇద్దరూ ఆమె మీద పడ్డారు.

చివరికి అత్తమ్మే తీర్పు చెప్పింది. "చెల్లె, గీ లొల్లి ఎందుకు? వచ్చే వారం అందరూ మా ఇంటికే రాండ్రి. మీ అల్లుడు ఒక కుర్చీల కూసుంటడు, మా ఆయన ఒక కుర్చీల కూసుంటడు. ఇద్దరూ చెప్తరు. ఎవల్ది నిజమో తెలుస్తది."

మామయ్య ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు. నన్ను దొడ్లోకి పిలిచి, "ఏం జేద్దాం బిడ్డా?" అని అడిగారు. "మీకు జరమొచ్చిందని చెప్పనా?" అన్నాను. "జరమొస్తే మీ అత్త కషాయం పోస్తది" అని నిట్టూర్చారు.

ఆ సాయంత్రం మా ఇల్లు పట్టలేదు. ఎప్పుడూ రాని మగవాళ్లు కూడా అరుగు వదిలి లోపలికి వచ్చారు. అల్లుడు ఇస్త్రీ చొక్కాతో ఒక కుర్చీలో, మామయ్య తన వంకర కుర్చీలో. అత్తమ్మ చెక్క తలుపులు జరిపింది. టీవీ వెలిగింది.

తెర మీద తెల్ల జుబ్బా వేసుకున్న ఒకాయన కూర్చుని తీగల వాద్యమేదో వాయిస్తున్నాడు. కాసేపు చూశాం. ఇంకా వాయిస్తున్నాడు. ఎవరో పెద్ద నాయకుడు పోయాడట, మామూలు కార్యక్రమాలన్నీ ఆపేశారు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం అందరి కళ్లూ ఆ రెండు కుర్చీల మీదే ఉన్నాయి.

"ఏమంటుండు అల్లుడూ?" అంది చిన్నత్త.

"ఏమంటలేడు అత్తా. వాయిస్తుండు, అంతే."

"మీరు చెప్పుర్రి బావా. ఏమంటుండు?"

మామయ్య కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తారు. గది నిశ్శబ్దమైంది. ఆయన చాలాసేపు విన్నారు.

"కలెక్టరు పోయిండట" అన్నారు మెల్లగా.

అంతే. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. "అయ్యో, మంచిగుండె పిలగాడు" అని ఇంకొకామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏడుస్తున్న జనానికి నాగపూరు అల్లుడు ఏం చెప్పగలడు? అతనే లేచి టీవీకి దండం పెట్టి వెళ్లిపోయాడు. కలెక్టరు పీడ అట్లా విరగడైంది. గెలుపు తమదేనని రెండు వర్గాలూ అనుకున్నాయి.

మరుసటి వారం సీరియల్ మామూలుగానే వచ్చింది. మామయ్య హుషారుగా చెయ్యి ఎత్తబోయారు. అత్తమ్మ అడ్డుపడింది.

"ఆగు. ఇయ్యాల నేను చెప్త."

"నీకు హిందీ ఎక్కడిదే?"

"ఇన్ని రోజులు ఇన్న కదా, వచ్చింది." తెర మీద ముసలామె కొడుకును ఏదో తిడుతోంది. అత్తమ్మ తెర వైపు చూసి జనం వైపు తిరిగింది. "ఏమంటుందంటే, ఎన్నేండ్లాయె నన్ను చిల్పూరు గుట్ట మీద బుగులు ఎంకటేశ్వరసామి కాడికి తోల్కపోక, గీ మొగోళ్లకు మొక్కులు పట్టయా, పేపరుంటే చాలా అంటుంది."

నేను తల దించుకున్నాను. మామయ్య "చిల్పూరని ఎప్పుడన్నది?" అని గొణిగారు.

"మరి తీపి జర జర ఇయ్యమని డాక్టరు ఎప్పుడన్నడు?" అంది అత్తమ్మ. "మీఠా అంటే తీపి, బంద్ అంటే బంద్. గా మాటలు నాకు తెల్వయా? మీఠా పాన్ అమ్మే బజార్ల, దుకాన్లు బంద్ చేసే ఊర్ల పుట్టినదాన్ని నేను. గా డాక్టరు వేలు పెట్టి చెప్పిన నాడే సమజైంది."

"మరి చాయల చక్కెర ఎందుకేసినవ్?"

"ఎవలేసిండ్రు చక్కెర? మందుల దుకాన్ల తీపి గోలీలు దొరుకుతయి, షుగరోళ్ల కోసం. పొద్దుకొకటి ఏస్తున్న."

గది గదంతా ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు చిన్నత్త రంగుల టీవీ దాకా వినబడి ఉంటుంది. మామయ్య మాత్రం పొద్దుటి చాయలన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటున్నట్టు శూన్యంలోకి చూశారు. ఆ ఆదివారమే చిల్పూరు వెళ్లాం. గుట్ట ఎక్కేటప్పుడు ఆయన అత్తమ్మ చెప్పులు పట్టుకుని వెనక నడిచారు.

ఆ తర్వాత సంగతి త్వరగానే అయిపోయింది. అల్లుడు భార్యాబిడ్డలతో నాగపూర్ వెళ్లిపోయాడు. చిన్నత్త తనకు ఒక్క ముక్క హిందీ రాకున్నా తన టీవీకి తనే చెప్పడం మొదలుపెట్టింది. ఆమె కథలో అందరూ అల్లుళ్లు, అందరూ మంచివాళ్లు. మూలింటికి టీవీ వచ్చింది, తర్వాత దాని పక్కింటికి. ఎవరింట్లో వాళ్లు తలుపు దగ్గరకు వేసుకుని చూసుకోసాగారు. జంపఖానా మీద ఖాళీ పెరిగింది. మొదట దాన్ని సగం మడిచి పరిచాం, తర్వాత పరచడమే మానేశాం. నల్లా దగ్గర సీరియల్ గురించి వాదులాట కూడా ఆగిపోయింది. ఎవరి కథ వాళ్లకు తెలిసినప్పుడు ఎవరిని అడగాలి?

ఈ రోజుల్లో నా మనవరాళ్లు ఒకే మంచం మీద వీపులు ఆనించుకుని కూర్చుని, ఇద్దరూ వేర్వేరు ఫోన్లలో వేర్వేరు బొమ్మలు చూసుకుంటారు. ఒకామె నవ్వితే రెండో ఆమెకు ఎందుకో తెలియదు. ఏం చూస్తున్నావే అని అడిగితే, చెవిలోది తీసి, "నీకర్థం కాదు అమ్మమ్మా" అంటుంది. అందరూ ఫోన్లు వచ్చి ఇళ్లు విడిపోయాయంటారు. నేను మాత్రం ఆ విడిపోవడం మా వీధిలో, ఎదురింటి ముందు రిక్షా ఆగిన రోజే చూశాను. ఆ రంగులు నాకూ నచ్చాయి. అబద్ధమెందుకు, ఒకట్రెండు వారాలు వంట వంకతో నేను కూడా వెళ్లి వాళ్లింట్లో చూసి వచ్చాను.

ఆ దశకం చివర మా ఆయనకు బ్యాంకులో బదిలీ అయి మానుకోటకు వచ్చాం. టీవీని, అత్తమ్మను, మామయ్యను కూడా తెచ్చుకున్నాం. అది కొత్త కాలనీ, ప్రతి ఇంటి మీదా యాంటెన్నా. మామయ్య మొదట్లో సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి, వచ్చేపోయేవాళ్లను "రాండ్రి, కూసోండ్రి, సీరియల్ అయితుంది" అని పిలిచేవారు. వాళ్లు నవ్వి, "మా ఇంట్ల ఉంది తాతా" అని పోయేవాళ్లు. కొన్నాళ్లకు పిలవడం మానుకున్నారు.

ఒక సాయంత్రం నేను బయటి నుంచి వచ్చేసరికి ఆయన ఒక్కరే హిందీ వార్తలు చూస్తున్నారు. అత్తమ్మ టీవీకి వీపు పెట్టి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎవరూ అడగకుండానే ఆయన చెప్పడం మొదలుపెట్టారు. అత్తమ్మ లేచి వెళ్లి టీవీ గొంతు పూర్తిగా తగ్గించి, వచ్చి మళ్లీ చిక్కుడుకాయల ముందు కూర్చుంది.

"ఆ, ఇప్పుడు చెప్పు. ఏమంటుండు?"

మామయ్య చెయ్యి ఎత్తారు. "సర్కారు కొత్త చట్టం తెచ్చిందట. మొగనికి చాయ ఇచ్చేటప్పుడు ఆడోళ్లు నవ్వుకుంట ఇయ్యాలెనట."

అత్తమ్మ ఇంకో చిక్కుడుకాయ అందుకుని, తల ఎత్తకుండానే అంది.

"గా చట్టం మన జిల్లాకు ఇంక రాలే."